గడ్డకట్టని రేవు, తడి కోట్లు

రేవు అనగానే మీకు ఓడలు గుర్తుకొస్తాయేమో. నాకు బండలు గుర్తుకొస్తాయి. మా జగిత్యాల దిక్కు సముద్రం లేదు. రేవంటే చాకిరేవే. వాగు ఒడ్డున నాలుగు బండలు, బట్టలు ఉడకబెట్టే బాన, ఆరేసుకోవడానికి ఇసుక. మూడో తరగతి సగంలో బడి మానిపించి నన్ను ఆ బండ దగ్గర నిలబెట్టారు. చదువు అక్కడితో సరి.

పని మానేసిన ముసలివాళ్లు ఉద్యోగం సంగతులు రాస్తే గెలిచినవే రాస్తారు. వాటికి కాగితం దండగ, ఎవడి గెలుపూ ఇంకొకడికి పనికిరాదు. తప్పు అలా కాదు, పదిమందికి పనికొస్తుంది. అందుకని ఇప్పుడు గల్ఫు లాండ్రీల్లో చేరుతున్న పిల్లల కోసం నా తప్పొకటి రాస్తున్నాను. ఒత్తులు మా మనుమరాలు దిద్దింది. మాటలు నావే.

మా లాండ్రీ బహ్రెయిన్ దేశపు ముహర్రక్‌లో పాత బజారు వెనక ఉండేది. సగం పని హోటలుది, సగం ఓడలది. బహ్రెయిన్‌కు ఓడ వచ్చి ఆగితే ఏజెంటు ఆఫీసు వ్యాను మూటలు తెచ్చి పడేసేది. ఓడ కదిలేలోగా మేం ఉతికి తిరిగి ఇవ్వాలి. ఓడల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, నాకు చదవరాదు. మా నాయన జీడిగింజ రసంతో ఇంటింటి బట్టకూ గుర్తు పెట్టినట్టు, నేను ఎర్రదారంతో ఒక్కో ఓడకు ఒక్కో గుర్తు కుట్టేదాన్ని. ఒకదానికి అడ్డగీత, ఒకదానికి కాకికాలు, ఒకదానికి మూడు చుక్కలు. ఇరవై ఏళ్లలో ఒక్క రుమాలు కూడా ఓడ మారలేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, పని అంటే అదే.

సబ్బు నురుగు ఎక్కువైతే దండగని నాకు కడుపు మండేది. ఎండ ఊరికే వస్తుంటే గ్యాసు డ్రయ్యర్ తిప్పడం ఎందుకని మేడ మీద తాళ్లు కట్టించింది కూడా నేనే. దీనికి మా సూపర్‌వైజర్ నన్ను మెచ్చుకునేవాడు. ఆయన మలయాళీ, మంచివాడే గానీ, హోటలు వాళ్ల పేరెత్తితే వణికేవాడు. ఇస్త్రీ బల్ల దగ్గర నిజామాబాద్ దిక్కు తమ్ముడొకడు ఉండేవాడు. చేయి ఆడినంతసేపూ వాడి నోరు ఆడేది.

ఒక జనవరిలో కొత్తగా వచ్చిన ఒక ఓడ సరంగు తనే మూటలు మోసుకుని వచ్చాడు. సరంగంటే ఓడ డెక్కు మీద పనివాళ్లకు పెద్ద. భీమిలి దిక్కు మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. మా నోట తెలుగు వినగానే మూట మీదే కూర్చుండిపోయాడు. దుప్పట్లు, తువ్వాళ్లు, వాటితోపాటు పద్దెనిమిది చలి కోట్లు. ఒక్కొక్కటి మేకపిల్లంత బరువు, నూనె కంపు.

ఇస్త్రీ తమ్ముడు లెక్కపెట్టి ఈల వేశాడు. "అక్కా, నీ దగ్గర పద్దెనిమిది కోట్లున్నయని ఊర్ల తెలిసిందనుకో, ఇగ సుట్టాలు ఆగుతరా?"

"నువ్వు నోరు మూస్కోని గంజి కలుపు" అన్నాను.

జేబులు చూడకుండా నేను ఏదీ నీళ్లలో వేయను. మొదటి కోటు జేబులోనే నల్లటి గుండ్రటి గింజ దొరికింది. కుంకుడు గింజ అనుకున్నాను. అరచేతిలో వేసుకుంటే బరువు.

"గిదేంది తమ్మీ? జేబుల ఇనుము వెట్టి మా మిషన్‌ను సంపుతవా?"

"ఇనుమేనమ్మా!" అని నవ్వాడు సరంగు. "ఓడ నిండా అయ్యే. మీ బహ్రెయిన్ ఉక్కు ఫ్యాక్టరీకి తెచ్చినాం. డెక్కు మీద దొర్లుతుంటాయి, మావోళ్లు జేబులో ఏసుకుంటారు."

"యాడికెల్లి తెచ్చిండ్రు?"

"నార్విక్ అని, భూమికి పైకొసన ఉంటాది. పెద్ద రేవు."

"ఎన్ని బండలుంటయి?"

ఆయన నోరు తెరిచి నన్ను చూశాడు. ఇస్త్రీ తమ్ముడు బల్ల మీద పడి నవ్వాడు. "అక్కా, చాకిరేవు గాదే, ఓడల రేవు!"

"బండలేటమ్మా, కొండలుంటాయి" అన్నాడు సరంగు. "ఆ కొండకి అటేపు ఇంకో దేశం. ఇనుప గని ఆళ్లది. ఆళ్ల సముద్రం శీతాకాలం గడ్డకట్టేత్తాది, ఓడ కదల్దు. అందుకని ఇనుమంతా రైలెక్కించి, కొండ దాటించి ఈ రేవుకి తెత్తారు. ఇది మాత్రం ఏ కాలంలోనూ గడ్డకట్టదు."

"పైకొసనంటివి, ఎందుకు కట్టది?"

"అదే సిత్రం. ఎక్కడో ఎండ దేశాల కాడ పుట్టిన వెచ్చటి నీరు, సముద్రంలోనే ఏరులాగ పారుకుంటా అక్కడిదాకా వత్తాది."

వెచ్చటి నీరు. ఆ మాట నా చెవిలో పడి అక్కడే కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఏమన్నా అది దాన్ని దాటి లోపలికి పోలేదు.

ఓడ అయిదు రోజులుంటుందని, కోట్లు నాలుగో రోజుకు కావాలని చెప్పి వెళ్లాడు. మరునాడు దుప్పట్ల కోసం వచ్చి టీ తాగుతూ ఆ రేవు కథ చెప్పాడు. అక్కడ నావికులు కూర్చునే క్లబ్బులో కాఫీ పోసే ముసలమ్మ ఒకావిడ ఉందట. పెద్ద యుద్ధం నాటికి ఆవిడ చిన్నపిల్ల.

"ఒకనాడు పొద్దున్న లేచి సూత్తే, మంచు కురుత్తుంటే రేవు నిండా యుద్ధం ఓడలంట. ముందు జర్మనీవోళ్లు, ఆళ్ల ఎనకాలే ఇంగ్లీషోళ్లు. ఇద్దరికీ ఆ ఇనుమే కావాల. ఒకడికి తుపాకులు సేసుకోడానికి, ఇంకొకడికి ఆడి సేతికి పోకుండా ఆపడానికి. మునిగిన ఓడలు ఇప్పటికీ అడుగున ఉన్నాయి. ఊరు కాలిపోయినాది. ఆ ముసల్ది ఏటన్నాదో తెలుసా అమ్మా? మా ఊరి మీద ఎవడికీ కోపం నేదు బాబూ, మా నీళ్ల మీద ఆశ, అన్నాది."

ఇది నాకు వెంటనే అర్థమైంది. ఎండాకాలం మా వాగంతా ఇసుకైపోయినప్పుడు ఊరి అవతల ఒక్క మడుగు మాత్రం ఎండేది కాదు. ఏడాదంతా దాని మొహం చూడని నాలుగూళ్లూ అప్పుడు అక్కడికే వచ్చేవి. మేం మూటలతో, గొల్లవాళ్లు గొర్లతో, మిగతావాళ్లు బిందెలతో. మా నాయన తల పగిలింది ఆ మడుగు దగ్గరే. ఆ నీళ్లు తియ్యనివని కాదు, అన్నీ ఎండినప్పుడు అది ఎండదని కొట్లాట. ఆ మాటే సరంగుతో అంటే తల ఊపాడు. "అంతేనమ్మా. గని ఒకడిది, రేవు ఒకడిది, కొట్లాట ఊరందరిదీ."

అలా నాకు యుద్ధం అర్థమైంది, ఇనుము అర్థమైంది. చలి ఒక్కటే అర్థం కాలేదు. గడ్డకట్టదు, పైగా వెచ్చటి నీరు అంటే మన బహ్రెయిన్ లాంటి ఊరే అనుకున్నాను. ఇంక ఈ కోట్లు దేనికి? కంపెనీ ఇచ్చింది కదా అని షోకుకు వేసుకుంటారు కాబోలు అని మనసులోనే తేల్చేసి వాటిని అన్నిటికంటే వెనక్కి నెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం తీరిగ్గా ఉతికి, డ్రయ్యర్ ఎందుకులే అని మేడ మీద ఆరేశాను. నాలుగో రోజు పొద్దున మబ్బు పట్టింది. సముద్రం మీదినుంచి తడిగాలి. బహ్రెయిన్‌లో జనవరి ఎండను నమ్మినవాళ్లు ఎవరూ బాగుపడలేదని ఇరవై ఏళ్లుగా నాకు తెలుసు. తెలిసీ ఆరేశాను. పైకి వెళ్లి ఒక కోటు చెయ్యి పిండితే నీళ్లు కారాయి.

కిందికి దిగేసరికి ఏజెంటు ఆఫీసు క్లర్కు ఫోను. కాకినాడ వైపు మనిషి, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"అమ్మగారూ, ఆ ఇనుము ఓడ రేపు కాదండీ, ఇవాళే బయలుదేరుతుంది. హోర్ముజ్ దగ్గర, అదే మన గల్ఫు మూతి దగ్గర, పరిస్థితి బాగాలేదంటున్నారు. రేపు దారి ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఓడ యజమాని వెంటనే బయటపడమన్నాడు. మూడింటికల్లా బట్టలు ఓడ మీద ఉండాలండి. సరంగును పంపిస్తున్నాను."

అరగంటలో సరంగు వచ్చాడు. దుప్పట్లు, తువ్వాళ్లు కట్టి పెట్టాను. కోట్ల సంగతి చాలా తేలిగ్గా చెప్పాను.

"కోట్లు ఇంక తడిగున్నయి తమ్మీ. ఈసారికి పొండ్రి, మల్ల వచ్చినప్పుడు ఇస్త. ఎట్లాగూ మీ రేవు గడ్డకట్టది గదా."

ఆయన ఎత్తబోతున్న మూట కింద పెట్టేశాడు. కోపం వచ్చినా బాగుండేది. ఎడమ చేయి చాచి నా ముందు పెట్టాడు. చిటికెన వేలు చివరి కణుపు లేదు. మొదటి రోజే చూశాను, తాడులో పడి తెగి ఉంటుందనుకున్నాను.

"ఇది తాడు తెంపలేదమ్మా. సలి తినేసినాది."

"గడ్డకట్టదంటివి గదా!"

"నీరు గడ్డకట్టదమ్మా. మడిసి కట్టేత్తాడు." నేలకేసి చూస్తూ చెప్పాడు. "దారంతా కెరటాలు డెక్కు మీద పడతాయి. పడ్డ నీరు పడ్డట్టే ఇనుము మీద గడ్డైపోద్ది. అది పేరుకుంటే ఓడ పైబరువెక్కి ఒరిగిపోద్ది. గంటకోసారి సుత్తులట్టుకుని మేవే పైకెళ్లి కొట్టాల. కోటున్నా లేకపోయినా ఎళ్లాల్సిందే. పద్దెనిమిది మందిమి."

ఇస్త్రీ తమ్ముడి చెయ్యి ఆగింది. 

నాకు అప్పుడు తట్టింది. ఏది గడ్డకట్టదో విని ఊరుకున్నాను, ఏది గడ్డకడుతుందో అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. అక్కడ తిరిగేవాళ్లకు అది చెప్పాల్సిన సంగతే కాదు మరి. నిప్పు కాలుతుందని మనం ఎవరికి చెప్తాం?

టైము చూస్తే పదిన్నర. మాకున్న డ్రయ్యర్లు రెండు. రెండింటిలోనూ హోటలు దుప్పట్లు తిరుగుతున్నాయి. ఆపి, తలుపులు తీసి, దుప్పట్లు తడివి తడిగానే తొట్లోకి లాగేశాను. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "క్యా కర్ రహీ హో అమ్మా? హోటల్‌వాలా ఛోడేగా నహీ!" అన్నాడు, హోటలువాడు వదలడని. "మేరా గల్తీ, మేరా నామ్ లిఖో" అన్నాను, తప్పు నాది, నా పేరే రాసుకో అని. నా హిందీ అంతే. ఆయన తల పట్టుకున్నాడు గానీ, మిషన్‌కు అడ్డం నిలబడలేదు.

డ్రయ్యరుకు మూడు కోట్ల కంటే పట్టవు. లోపలి దూదంతా ఆరాలంటే రెండున్నర గంటలు. ఎలా లెక్క వేసినా సగానికి పైగా మిగిలిపోతాయి. అప్పుడు ఇస్త్రీ తమ్ముడే అన్నాడు. "అక్కా, గల్లీల మనోళ్ల దుకాన్లు ఎన్ని లేవు?" ముహర్రక్ సందుల్లో మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ల చిన్న లాండ్రీలు నాలుగైదు ఉండేవి. రేట్ల దగ్గర నేను వాళ్లతో ఏనాడూ మంచిగా మాట్లాడిన దాన్ని కాదు. అయినా పోయాను. నేనొక మూట, సరంగొక మూట, తమ్ముడొక మూట మోసుకుని దుకాణం దుకాణం తిరిగాం.

ఒకడు గడపలోనే ఎదురొచ్చాడు. "ఏందే పెద్దమ్మా, నిరుడు నా కష్టమర్‌ను గుంజుకపోయినవు, ఇయ్యాల నా డ్రయ్యరు గావాల్నా?"

"గావాలె. తిట్టుడు తర్వాత తిట్టు, ముందు గివి అందులెయ్యి."

వేశాడు. తిట్టుకుంటూనే వేశాడు. ఇంకొకడు తన ఇస్త్రీ పెట్టెతో కోటు లోపలి గుడ్డను అంగుళం అంగుళం నొక్కి ఆవిరి లేపాడు. ఏ కోటు ఏ దుకాణంలో ఉందో రాసుకునే తీరిక లేదు. కాలరు లోపల నా మూడు ఎర్ర చుక్కలు ఉన్నాయి, అవే చాలు.

మసీదులో అసర్ బాంగు ఇవ్వకముందే, రెండున్నరకల్లా పదిహేడు కోట్లు పొడిగా మూటకట్టి వ్యానులో పెట్టాం. పద్దెనిమిదోది ఆరలేదు. అందరికంటే ఎక్కువ నూనె పట్టింది అదే, రెండుసార్లు ఉతికాను. ఎవరిదని అడిగాను.

"నాదేనమ్మా. ఒగ్గెయ్. టైమైపోనాది" అన్నాడు సరంగు. డ్రైవర్ యల్లా యల్లా అని హారను కొడుతున్నాడు.

లాండ్రీ వెనకే నా గది. వెళ్లి పెట్టె తెరిచాను. అడుగున మా ఆయన గొంగడి ఉంది. బహ్రెయిన్‌లోనే అవాలి అనే ఊళ్లో చమురు కంపెనీ బంగళాల బట్టలు ఉతికిన రోజుల నుంచీ చలికాలం అదే కప్పుకునేవాడు. నల్ల గొర్రె ఉన్ని, చేతి నేత, వాన పడితే జారిపోవాలి తప్ప లోపలికి దిగదు. ఆయన పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. అడిగిన చుట్టాలు కూడా ఉన్నారు. చిరిగిన చొక్కా గుండీ కూడా పారెయ్యని దాన్ని, గొంగడి ఇస్తానా?

తెచ్చి వ్యాను కిటికీలోంచి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇది దానం గాదు తమ్మీ. మల్ల తెచ్చియ్యాలె."

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "తెత్తానమ్మా" అన్నాడు. వ్యాను సందు మలుపు తిరిగింది.

హోటలు వాళ్లు తడి దుప్పట్ల మీద గొడవ చేశారు. మా లాండ్రీ వాళ్లు మూడు నెలలు నన్ను మిషన్ల దగ్గరకు రానివ్వకుండా మడతల బల్ల దగ్గర నిలబెట్టారు. తప్పు నాది, కాబట్టి మాట్లాడలేదు. ఆ ఓడ హోర్ముజ్ దాటిందని క్లర్కు చెప్పాడు. ఆ తర్వాత సంగతి ఆయనకూ తెలియదు.

ఆ వారాల్లో ఒకటి చూశాను. మా బహ్రెయిన్ రేవు నీళ్లు ఏ కాలంలోనూ గడ్డకట్టవు. అయినా ఓడలు రావడం మానేశాయి. దూరంగా ఎక్కడో లంగరు వేసుకుని నిలబడ్డాయట. మా దగ్గరికి ఓడల మూటలు రాలేదు, తాళ్లన్నీ ఖాళీ. దుకాణాల్లో మన ఉల్లిగడ్డ ఒక వారం లేదు, ఒక వారం ఉంటే మురిగింది. వెచ్చటి నీళ్ల రేవు కూడా భయంతో గడ్డకడుతుందని అప్పుడు తెలిసింది. తిండి, బట్ట, ఇనుము, జీతం అన్నీ ఆ ఒక్క మూతిలోంచే వస్తాయి. అది తెరిచి ఉన్నన్నాళ్లు ఎవరికీ గుర్తుండదు. మా మడుగు కూడా అంతే, వానాకాలంలో దాని పేరు ఎత్తినవాడు లేడు.

మా బిడ్డ సల్మానియా ఆస్పత్రిలో నర్సు. చలికి వేళ్లు నిజంగా ఊడతాయా అని అడిగాను. "ఊడతయమ్మా, ముందు తిమ్మిరెక్కుతయి, నొప్పి కూడ తెల్వది" అంది. ఆ పూట అన్నం సయించలేదు. వండిన అన్నం పారబోయడం నా ఇంట్లో లేదు కాబట్టి మరునాడు తిన్నాను. మిగిలిపోయిన ఆ కోటును మాత్రం మళ్లీ మళ్లీ ఎండకు వేసి తీసేదాన్ని. అప్పటికి ఎండలు బాగా కాసేవి. ఏం లాభం?

క్లర్కు ఎప్పుడొచ్చినా ఒకటే అడిగేదాన్ని. "మా నార్విక్ ఓడ ముచ్చటేంది?"

"కబురు లేదమ్మగారూ. చెడ్డ కబురూ లేదంటే మంచిదే అనుకోవాలి" అనేవాడు. అలా అనుకోవడం నాకు చేతకాలేదు.

మార్చి చివర్లో, ఓడలు మళ్లీ రావడం మొదలయ్యాక, క్లర్కే ఒక పొట్లం పట్టుకొచ్చాడు. ఆ కంపెనీదే ఇంకో ఓడ మీద వచ్చిందట. విప్పితే నల్లటి ఉన్ని బట్ట. చతురస్రంగా, దళసరిగా, పీట మీద పరుచుకునేంత ఉంది. ఏమిటో అర్థం కాలేదు. తిప్పి చూస్తే ఒక మూల ఎర్రదారంతో మూడు చుక్కలు, వంకరటింకర కుట్టు. నేను వేసిన గుర్తు చూసి వేసిన గుర్తు. అప్పుడు తెలిసింది, అది మా ఆయన గొంగడి. ఆరడుగుల మనిషిని కప్పిన గొంగడి, తొట్టెలో పిల్లకు సరిపోయేంత అయింది.

క్లర్కు ఆ సరంగు నంబరు కలిపి ఫోను నా చేతికిచ్చాడు. ఇస్త్రీ తమ్ముడు బల్ల వదిలి పక్కన నిలబడ్డాడు.

"ఏం తమ్మీ, ఏళ్లెట్లున్నయి?"

"తొమ్మిదిన్నర ఉన్నాయమ్మా. నీ కాడికొచ్చినప్పుడెన్నో ఇప్పుడూ అన్నే!" గట్టిగా నవ్వాడు. వెనక గాలి చప్పుడు. "గొంగడి నడుంకి సుట్టి, పైన తాడు కట్టుకుని సుత్తి కొట్టినాను. మావోళ్లందరూ ఎలుగుబంటొచ్చిందని నవ్వినారు. నవ్వినోళ్లే డ్యూటీ మారినప్పుడల్లా నాకియ్యి, నాకియ్యని అడిగి కప్పుకున్నారు."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. 

"మంచిది. గానీ గొంగడిని ఉతికిందెవడు?"

 సరంగు గొంతు తగ్గింది. "నానేనమ్మా. నూనె, ఉప్పు పట్టి మాసిపోనాది. నీకు మురిగ్గా పంపితే ఏం బాగుంటాదని, మిషన్లో, బాగా వేడినీళ్లు పెట్టి..."

"ఉన్నిని వేడినీళ్లల్ల ఏస్తరయ్యా ఎవరన్న? ముడుసుకపోదా? మా దిక్కు పసిపిల్లకు గూడ ఎరుకే!"

"సముద్రపోళ్లం, మాకు ఉన్ని సంగతేటి తెలుసమ్మా? అంత సలికి ఆగింది కదా, వేడికేటవుద్దిలే అనుకున్నాను."

అడగకపోయినవా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఇస్త్రీ తమ్ముడు ఆ మాట కోసమే ఎదురు చూస్తూ, నవ్వు ఆపుకోలేక చొక్కా నోట్లో కుక్కుకుంటున్నాడు. మింగేశాను.

"నీ కోటు ఎండింది. వచ్చి తీస్కపో" అన్నాను. "ఫోను బిల్లయితది, పెట్టెయ్యి."